ఉపవాసం తప్పితే దీవెన ఆగిపోతుందా?

ప్రశ్న: వందనాలు. సికింద్రాబాద్‌లో మా బైబిల్ స్టడీకి వచ్చేవాళ్లలో కొందరికి ఒకటే భయం: శుక్రవారం ఉపవాసం తప్పినా, దశమభాగం (సంపాదనలో పదో వంతు కానుక) తగ్గినా ఆశీర్వాదం పోతుందని. వాక్యం ఏమంటోంది?

జవాబు: బ్రదర్, ఏది ముందో చూడండి. ఆదికాండం 15:6లోనే అబ్రాహాము నమ్మాడు, అది నీతిగా ఎంచబడింది. సున్నతి 17వ అధ్యాయంలో, 99వ ఏట. మోషే ధర్మశాస్త్రమైతే దేవుడు అబ్రాహాముకు చేసిన వాగ్దానం తర్వాత 430 ఏళ్లకు. అబ్రాహాము పొందిన ఆ ఆశీర్వాదమే క్రీస్తులో మనది, గలతీ 3:14. నెలనెలా కట్టే కిస్తీ కాదది!

జవాబు: రక్షణ కృపచేతనే, క్రియలవల్ల కాదు అనే ఎఫెసీ 2:8, 9 దగ్గర ఆపకండి. సత్క్రియలు చేయడానికే మనం సృష్టించబడ్డామనే 10 కూడా చదవాలి. సత్క్రియలు కృపకు ఫలం, వెల కాదు.

జవాబు: దశమభాగం తెమ్మనే మలాకీ 3:10 చెప్పి భయపెడితే 2 కొరింథీ 9:7 తీయండి: ఇచ్చేది సణుగుతూ కాదు, బలవంతంగా కాదు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఉపవాసం ఉండొద్దు.