యాప్-వి ప్యాకేజీ నా లాప్‌టాప్‌లో తెరుచుకుంటోంది, అకౌంట్స్ వాళ్లకి తెరుచుకోవట్లేదు

అంబత్తూర్ అడ్మిన్:
చెన్నైలో, అంబత్తూర్ ఎస్టేట్‌లో ఒక విడిభాగాల కంపెనీకి ఐటీ చూస్తున్నాను. 140 మెషీన్లు, చూసుకోవడానికి నేనూ ఇంకో కుర్రాడూ, అంతే. అకౌంట్స్ వాళ్ల పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి జావా 6 ఉండాలి, అదే మెషీన్లో ఇంకో టూల్‌కి జావా 8 కావాలి, ఒకటి వేస్తే రెండోది మొరాయిస్తుంది. ఈ గొడవ లేకుండా బిల్లింగ్‌ని దాని జావాతో సహా యాప్-విలో (సాఫ్ట్‌వేర్‌ని మెషీన్లో మామూలుగా ఇన్‌స్టాల్ చేయకుండా విడి ప్యాకేజీగా నడిపే మైక్రోసాఫ్ట్ పద్ధతి) పెట్టేద్దామని నా లాప్‌టాప్‌లోనే సీక్వెన్సర్ (ఆ ప్యాకేజీ తయారుచేసే టూల్) వేసి ప్యాకేజీ చేశాను. నా దగ్గర ఝామ్మని తెరుచుకుంది. ఆరుగురికి ఇస్తే ఇద్దరికి పనిచేస్తోంది, ముగ్గురికి ఏదో డీఎల్‌ఎల్ ఫైలు దొరకలేదంటోంది, ఒకావిడకి అసలు ఐకానే రాలేదు. పైగా స్టోర్స్‌లో బార్‌కోడ్ ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌ని కూడా ఇలాగే చేయమని మేనేజర్ అంటున్నాడు, చేసి చూస్తే ప్రింటరే కనబడదు. 20వ తారీఖు జీఎస్‌టీ రిటర్ను, టెన్షన్‌గా ఉంది.

వేళచ్చేరి వాసి:
నీ లాప్‌టాప్‌లో చేశావు చూడు, అక్కడే పడింది దెబ్బ. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు కొత్తగా ఏ ఫైలు పడింది, ఏ రిజిస్ట్రీ కీ (విండోస్ సెట్టింగ్) మారింది అన్నదే సీక్వెన్సర్ రాసుకుంటుంది, ముందే ఉన్నది దాని లెక్కలోకి రాదు. విజువల్ సీ++ రన్‌టైమ్ (చాలా సాఫ్ట్‌వేర్లు నడవడానికి కావలసిన డీఎల్‌ఎల్ ఫైళ్ల కట్ట) నీ దగ్గర ఎప్పుడో ఇంకో సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చి కూర్చుని ఉంటుంది, ఆ పనిచేస్తున్న ఇద్దరి దగ్గరా అంతే అయ్యుంటుంది. ఇంట్లో చింతపండు ఉంది కదా అని చీటీలో రాయకుండా, ఆ చీటీ చేతికిచ్చి పక్కింటాయన్ని పులిహోర చేయమన్నట్టు.

ఖాళీ వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) ఒకటి పెట్టు తమ్ముడూ. యూజర్ల దగ్గరున్న విండోస్ వెర్షనే ఉండాలి, 64 బిట్ అయితే 64 బిట్టే. అప్‌డేట్లు, యాంటీవైరస్ ఆపేసి, సీక్వెన్సర్ వేసి స్నాప్‌షాట్ (మెషీన్ అప్పుడు ఎలా ఉందో దాచుకునే కాపీ) తీసుకో. ఒక ప్యాకేజీ అయ్యాక మళ్లీ ఆ స్నాప్‌షాట్‌కే వెనక్కి వెళ్లి రెండోది మొదలుపెట్టు, బద్ధకించావో మొదటిదాని చెత్త రెండోదాంట్లోకి వస్తుంది. టెస్టు మాత్రం సీక్వెన్సర్ లేని ఇంకో ఖాళీ మెషీన్లో చెయ్యి. అప్పటికీ ఏ ఫైలు లేదో తేలకపోతే స్టార్ట్-యాప్‌వి-వర్చువల్-ప్రాసెస్‌తో కమాండ్ ప్రాంప్ట్‌ని ప్యాకేజీ లోపలే తెరిచి చూడు, బయటినుంచి ఎక్స్‌ప్లోరర్‌లో చూస్తే ప్యాకేజీలోని ఫైళ్లు మామూలుగా ఉండాల్సిన చోట కనబడవు.

పవర్‌షెల్ పద్మ:
ఐకాన్ రాని ఆవిడ మెషీన్లో విన్‌వర్ (ఏ విండోస్ ఉందో చూపించే కమాండ్) కొట్టి చూడండి, ప్రో ఎడిషన్ అయ్యుంటుందని నా అనుమానం. యాప్-వి క్లయింట్ 2016లో వచ్చిన 1607 వెర్షన్ నుంచి విండోస్ 10లోనే ఉంది కానీ ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలోనే, ప్రోలో లేదు. ఎంటర్‌ప్రైజ్ అయితే ఎనేబుల్-యాప్‌వి కమాండ్ ఇచ్చారో లేదో చూసుకోండి, దానంతటది ఆన్ అవదు.

ప్రింటర్ సంగతి మేనేజర్‌కి నేరుగా చెప్పేయండి. డ్రైవర్లు యాప్-విలో రావు, కంప్యూటర్ బూట్ అవుతూనే మొదలయ్యే సర్వీసులూ రావు. డ్రైవర్‌ని మామూలుగా మెషీన్లో ఇన్‌స్టాల్ చేసి, లేబుల్ డిజైన్ చేసే భాగం ఒక్కటే ప్యాకేజీలో పెట్టొచ్చు. ఆ మాత్రానికి ప్యాకేజీ ఎందుకు అంటే నాదీ అదే మాట.

బాపట్ల టు పెరుంగుడి:
ఎవరైనా లాప్‌టాప్ ఇంటికి పట్టుకెళ్తారా? 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు ఇక్కడ మా వీధిలో మోకాలి లోతు నీళ్లు, అక్కడ ఊళ్లో అమ్మావాళ్లకి కరెంటు లేదు, ఆ మధ్యలో ఆఫీసు నుంచి ఫోన్ల మీద ఫోన్లు, యాప్ తెరుచుకుంటుంది కానీ రిపోర్ట్స్ నొక్కితే ఆగిపోతోందని. ఐకాన్ ఉన్నంత మాత్రాన ప్యాకేజీ మొత్తం దిగినట్టు కాదు. వాడినంత మేర స్ట్రీమ్ అయి, మిగతాది ఆఫీసు సర్వర్‌లోనే ఉండిపోయింది, లింకు పోయేసరికి అంతే సంగతులు. గెట్-యాప్‌వి-క్లయింట్-ప్యాకేజ్ ఇస్తే ఎంత శాతం దిగిందో చూపిస్తుంది. అప్పటినుంచీ లాప్‌టాప్‌లన్నిటికీ మౌంట్ కమాండ్‌తో 100 శాతం దింపాకే ఇస్తున్నాను.

ఇంకోటి, ప్యాకేజీలు పంచడానికి యాప్-వి మేనేజ్‌మెంట్ సర్వర్, పబ్లిషింగ్ సర్వర్ అంటూ కొత్తగా కట్టుకోకు, వాటికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ గడువు 2026 ఏప్రిల్ వరకే. మీలాంటి చిన్న ఆఫీసుకి పవర్‌షెల్ స్క్రిప్టు చాలు, కాన్ఫిగరేషన్ మేనేజర్ (ఆఫీసు మెషీన్లన్నిటికీ సాఫ్ట్‌వేర్ పంపించే మైక్రోసాఫ్ట్ టూల్) ఉంటే దాంతో పంపించు.

అంబత్తూర్ అడ్మిన్:
అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి ఖాళీ మెషీన్లో మళ్లీ చేశాను, అన్నయ్య చెప్పినట్టు రన్‌టైమే. జావా 6, రన్‌టైమ్ రెండూ ప్యాకేజీలోనే వేశాక ఐదుగురికి తెరుచుకుంది. ఆరో ఆవిడది ప్రోనే, పద్మగారూ. లైసెన్సు గురించి మేనేజర్‌ని అడిగితే 20 దాటాక చూద్దాం అన్నాడు, అందాకా ఆవిడ పక్క సీట్లో కూర్చుని బిల్లులు కొడుతున్నారు. ప్రింటర్ డ్రైవర్ వేయడానికి కుర్రాణ్ని పెన్ డ్రైవ్ ఇచ్చి స్టోర్స్‌కి పంపించాను.