1966 స్టీరియో ఒరిజినల్ అంటున్నాడు షాపాయన, నమ్మొచ్చా? (మేయల్, క్లాప్టన్ ఎల్పీ)

బ్రమ్‌బుల్లోడు:

అందరికీ నమస్తే. నేనుండేది బర్మింగ్‌హామ్‌లో, రికార్డుల పిచ్చి పట్టి ఏడాదిన్నర అయింది, ఇంట్లో ఓ ముప్పై దాకా పోగయ్యాయి గానీ అన్నీ ఈమధ్య మళ్ళీ వేసినవే, ఆ కాలంనాటి ప్రెస్సింగ్ ఒక్కటి కూడా లేదు. మొన్న శనివారం ఇక్కడో చిన్న సెకండ్‌హ్యాండ్ షాపులో బ్రిటిష్ బ్లూస్ గాయకుడు జాన్ మేయల్ బ్యాండ్, గిటారిస్ట్ క్లాప్టన్‌తో కలిసి చేసిన బ్లూస్‌బ్రేకర్స్ విత్ ఎరిక్ క్లాప్టన్ కనపడింది, అదేనండీ, అట్ట మీద అందరూ గోడ ముందు కూర్చుని ఉంటే క్లాప్టన్ మాత్రం బీనో కామిక్ చదువుకుంటుంటాడే, ఆ ఎల్పీ. షాపాయన "1966 ఒరిజినల్, అదీ స్టీరియో, మళ్ళీ దొరకదు" అని 120 పౌండ్లు చెప్పాడు. నాకు అక్కడే కాళ్ళు వణికాయి. నెట్‌లో చూస్తే ఆల్బమ్ 1966దే, రికార్డు కంపెనీ డెక్కానే, అట్ట కూడా బానే పాతబడి ఉంది. వచ్చే శనివారం దాకా పక్కన పెడతానన్నాడు.

ఇది నిజంగా ఫస్ట్ ప్రెస్సేనా, అంటే ఆల్బమ్ మొదట వచ్చినప్పుడే అచ్చైన కాపీయేనా కాదా ఎలా తెలుస్తుంది? ఆ రేటు పెట్టొచ్చా? మా ఆవిడకి రేటు ఇంకా చెప్పలేదు, మీరు చెప్పేదాన్ని బట్టి చెబుతా.

పాతముల్లు:

తమ్ముడూ, డబ్బులు జేబులోనే ఉంచుకో. ఆ ఆల్బమ్ 1966 జూలైలో ఇంగ్లాండ్‌లో వచ్చింది మోనోలో (రెండు స్పీకర్లలోనూ ఒకే సౌండ్) మాత్రమే, డెక్కా ఎల్‌కే 4804. స్టీరియో ఎస్‌కేఎల్ 4804 వచ్చింది 1969లో. అంటే "1966 స్టీరియో" అనేది బ్రిటిష్ డెక్కాలో లేనే లేదు, షాపాయన అబద్ధమే చెప్పాడో తెలియక చెప్పాడో గానీ ఆల్బమ్ పుట్టిన సంవత్సరాన్ని రికార్డు పుట్టిన సంవత్సరంగా చెప్పేయడం మామూలే, నేను కూడా మొదట్లో రెండుసార్లు అలాగే మోసపోయా.

ఈసారి వెళ్ళినప్పుడు అట్ట సంగతి వదిలెయ్, అట్టలు మారిపోతుంటాయి, ఒకదాని అట్టలో ఇంకోటి పెట్టి అమ్మేవాళ్ళని చూశా. రికార్డు బయటికి తీయమను. ముందు లేబుల్, అంటే మధ్యలో అంటించిన గుండ్రటి కాగితం చూడు. మోనో అయితే ఎరుపు, స్టీరియో అయితే ముదురు నీలం. డెక్కా అన్న పేరు చుట్టూ గడి గీసినట్టు బాక్స్ ఉంటే అది 1969-70 ప్రాంతం నుంచి మొదలైన లేబుల్, 66 నాటి మోనోకి బాక్స్ ఉండదు.

అసలు జాతకం ఉండేది పాట అయిపోయాక లేబుల్‌కీ గాళ్ళకీ మధ్యన మిగిలిన ఖాళీ జాగాలో. ఫోన్ టార్చి ఏటవాలుగా కొట్టి చూడాలి, నిటారుగా కొడితే ఏమీ కనపడదు. లేబుల్ కింద, అంటే గడియారంలో ఆరు ఉండే చోట మాట్రిక్స్ నంబర్, అంటే ఆ వైపుకి కంపెనీ వేసిన గుర్తింపు నంబర్ ఉంటుంది. అందులో ఏఆర్ఎల్ ఉంటే మోనో, జెడ్ఏఎల్ ఉంటే స్టీరియో (ముందు ఒక ఎక్స్ ఉండొచ్చు, కంగారు పడకు). నంబర్ చివర 1కె, 2ఎ ఇలా ఉంటుంది, అంకె ఎన్నో కటింగో (పాటని మాస్టర్ డిస్క్ మీద గాడిగా కోయడం) చెబుతుంది, అక్షరం ఆ కటింగ్ చేసిన ఇంజనీర్‌ది. తొమ్మిది దగ్గర చిన్న అంకె ఉంటుంది, అది మదర్, అంటే స్టాంపర్లు తీసే అచ్చు నంబర్. మూడు దగ్గర ఒకటో రెండో ఇంగ్లీషు అక్షరాలుంటాయి, అది స్టాంపర్, అంటే రికార్డుని నొక్కే అచ్చు నంబర్. డెక్కా వాళ్ళు అంకెలకి బదులు బకింగ్‌హామ్ అన్న మాటలో అక్షరాలు వాడేవాళ్ళు, బి అంటే 1, యు అంటే 2, సి 3, కె 4, అలా చివరి ఎం అంటే సున్నా. ఎందుకంటే ఆ మాటలో పది అక్షరాలు, ఒక్కటి కూడా రెండోసారి రాదు. మన పాత బట్టల కొట్లల్లో అసలు ధర కస్టమర్‌కి తెలియకుండా అక్షరాల్లో రాసుకునేవాళ్ళు చూడు, అదే టెక్నిక్.

1969 స్టీరియో చెడ్డదేం కాదు. కానీ 120కి కాదు.

డల్లాస్‌రికార్డోడు:

పైన అన్న చెప్పింది అక్షరాలా నిజం, నా అనుభవం కూడా కలుపుతా. ఇక్కడ అమెరికాలో అందరూ వెతికేది లెడ్ జెప్లిన్ అనే రాక్ బ్యాండ్ రెండో ఆల్బమ్, 1969ది, అందులోనూ బాబ్ లడ్విగ్ అనే ఇంజనీర్ స్టెర్లింగ్ సౌండ్ అనే స్టూడియో‌లో కట్ చేసింది. ఆయన బేస్ తగ్గించకుండా ఫుల్లుగా కోశాడు, ఆ రికార్డు కంపెనీ అట్లాంటిక్ పెట్టినవాళ్ళలో ఒకడైన ఎర్టెగన్ కూతురి చవక ప్లేయర్ మీద ముల్లు ఎగిరిపోయిందని, దాంతో కంపెనీ వెనక్కి తీసుకుని బేస్ తగ్గించి మళ్ళీ కోయించిందని చెప్పుకుంటారు. ఆ మొదటిది ఇప్పుడు వందల డాలర్లు పలుకుతోంది. నేను ఒక గరాజ్ సేల్‌లో పట్టుకున్నా, లేబుల్ మీద 1841 బ్రాడ్‌వే అడ్రస్ చూసి ఎగిరి గంతేసి పది డాలర్లకి ఎత్తుకొచ్చా, ఇంటికొచ్చి లైట్ కింద చూస్తే లేబుల్ పక్క ఖాళీ జాగాలో (రనౌట్ అంటారు) ఆర్ఎల్, అంటే లడ్విగ్ పేరు పొడి అక్షరాలు, లేదు ఏమీ లేదు. ఆ అడ్రస్ కొన్నేళ్ళ పాటు అన్ని అట్లాంటిక్ లేబుల్స్ మీదా ఉంది మరి! రెండు వైపులా చేత్తో గీకిన ఆర్ఎల్ ఉండాలి, ఒక వైపే ఉన్నవి కూడా తిరుగుతున్నాయి, వాటికీ జనం అదే రేటు చెప్తారు.

సరే పది డాలర్లే కాబట్టి ఏడవలా. ఇప్పటికీ అదే వింటున్నా.

క్లౌడ్‌రాజా:

ఏంటి సామీ ఈ గోల, ఫోన్‌లో ఫ్రీగా వస్తుంటే 120 పౌండ్లు పెట్టి గీతలు పడ్డ ప్లాస్టిక్ కొంటారా, ఆ డబ్బుతో ఇండియా టికెట్‌కి అడ్వాన్స్ అవుద్ది

పాతముల్లు:

బాబూ రాజా, నువ్వు చెప్పింది కరెక్టే, వెళ్ళి పడుకో.

సికింద్రాబాద్_ఎల్పీ:

ఫస్ట్ ప్రెస్ అని తేలినా అప్పుడే బ్యాగులో వేసుకోవద్దు బ్రో, అది వినడానికి పనికొస్తుందా అన్నది వేరే సంగతి. మా నాన్నగారి ఘంటసాల భగవద్గీత ఎల్పీ మా ఇంట్లో ఉంది, చూడ్డానికి అద్దంలా మెరుస్తుంది, ఒక్క గీత లేదు, పెడితే మాత్రం గొంతు పైకెళ్ళినప్పుడల్లా ఇసక మీద నడిచినట్టు గరగర. ఎందుకంటే బరువైన పాత పికప్ మీద, అరిగిపోయిన ముల్లుతో ఇరవై ఏళ్ళు తిప్పారు, గాడి గోడలు అరిగిపోయాయి. దాన్ని ఏ సబ్బు నీళ్ళూ బాగుచేయవు. ఇంగ్లాండ్ పిల్లలు అరవైల్లో వాడిన ప్లేయర్లు కూడా అలాంటివే కదా, క్లాప్టన్ సోలోని మళ్ళీ మళ్ళీ పెట్టుకుని గిటార్ నేర్చుకున్న వాడి కాపీ నీకు తగిలిందంటే ఇక అంతే.

అందుకని షాపులోనే పెట్టించుకుని విను. మొదటి పాట కాదు, రెండో వైపు మూడో పాట హావ్ యు హర్డ్ పెట్టు, అందులో క్లాప్టన్ సోలో వస్తుంది. ఆయన స్టూడియోలో ఆంప్ తగ్గించను, స్టేజి మీద వాయించినంత సౌండే పెడతా అని పట్టుబట్టి వాయించాడు, లెస్ పాల్ గిటార్, మార్షల్ ఆంప్, ఆ డిస్టార్షన్ (సౌండ్ పగిలినట్టు రావడం) ఎలాగూ ఉంటుంది. దాని మీద ఇంకో గరగర, ముఖ్యంగా మేయల్ గొంతు మీద కూడా వినపడితే అది అరుగుదల. తర్వాత మొదటి వైపు చివరి పాట వాట్'డ్ ఐ సే, లేబుల్ దగ్గర పాటలు ముందు పోతాయి. షాపు ఆంప్‌కి మోనో బటన్ ఉంటే నొక్కమను, మోనో రికార్డుకి సగం చిటపట అక్కడే పోతుంది.

ఇంకోటి, వీజీ అంటే వెరీ గుడ్ అని మురిసిపోకు, రికార్డుల భాషలో వీజీ అంటే "గీతలున్నాయి, సర్దుకో" అని. వీజీ ప్లస్ నుంచే కాస్త నయం. నేనొకసారి ఆన్‌లైన్‌లో వీజీ ప్లస్ అని తెప్పించుకుంటే వేలిగోరుకి తగిలే గీత వచ్చింది, అమ్మినవాడు వాపస్ తీసుకోడు, పోస్టు ఖర్చు నాదే.

బ్రమ్‌బుల్లోడు:

అన్నలూ అప్‌డేట్. ఇవాళ పొద్దున్నే షాపు తీయకముందే వెళ్ళి నిలబడ్డా. రికార్డు తీయించా, నీలం లేబుల్, డెక్కా చుట్టూ బాక్స్, టార్చి ఏటవాలుగా కొడితే జెడ్ఏఎల్. పాతముల్లు అన్న చెప్పినట్టే. షాపాయనకి మెల్లగా చెప్పా, గొడవ పడతాడేమో అనుకున్నా, ఆయనేమో కళ్ళద్దాలు పెట్టుకుని పది నిమిషాలు చూసి, అవునా, నాకు ఎవరూ చెప్పలేదే అని, నువ్వు ఇండియా నుంచొచ్చి నాకు డెక్కా గురించి చెప్తున్నావా అని నవ్వి టీ ఇచ్చాడు. రేటు 35కి దించాడు.

అసలు సంగతి ఇప్పుడు. టీ తాగుతుంటే లోపలికెళ్ళి ఇంకో కాపీ తెచ్చాడు. అట్ట మూడు వైపులా చిరిగి సెల్లోటేప్ వేసుంది, అందుకే బయట పెట్టలేదట. ఎరుపు లేబుల్, బాక్స్ లేదు, ఏఆర్ఎల్ కనపడింది, తొమ్మిది దగ్గర 2, మూడు దగ్గర యు, జి. అంటే స్టాంపర్ 27 అన్నమాట కదా? లేబుల్ మీద ఎవరో బాల్‌పెన్నుతో పేరు రాసుకున్నారు, పక్కన చిన్న గుండె బొమ్మ కూడా. హావ్ యు హర్డ్ పెట్టించా, గరగర లేదు, సోలో వస్తుంటే షాపులో ఇంకో ఇద్దరు వెతకడం ఆపి నిలబడిపోయారు. కానీ మొదటి వైపు ఆల్ యువర్ లవ్‌లో టిక్ టిక్ అని గీత ఒకటి ఉంది. 60 అంటున్నాడు. షాపులోనే ఉన్నా, త్వరగా చెప్పండి.

పాతముల్లు:

27 కరెక్ట్. ముల్లు ఎగురుతోందా, టిక్ మాత్రమేనా? ఎన్ని టిక్‌లు? లెక్కపెట్టావా?

బ్రమ్‌బుల్లోడు:

ఎగరట్లా. పదకొండు.

సికింద్రాబాద్_ఎల్పీ:

చుట్టుకి 1.8 సెకన్లు, పదకొండు అంటే మొత్తం ఇరవై సెకన్లు. ఇరవై సెకన్ల కోసం వదిలేస్తావా? మంచి అట్ట కోసం 35కి ఆ నీలం లేబుల్ కాపీ ఉంది కదా, రెండూ కలిపి 80కి అడుగు.

డల్లాస్‌రికార్డోడు:

వద్దొద్దు, అట్టలు కలపొద్దు! రేపు నీ దగ్గర కొన్నవాడు ఇక్కడికొచ్చి ఇదే ప్రశ్న అడుగుతాడు. ఎరుపుది ఒక్కటే తీసుకో, సెల్లోటేప్ పీకకు, పీకితే అట్ట మీద బొమ్మ కూడా ఊడొస్తుంది.

బ్రమ్‌బుల్లోడు:

55కి తెచ్చా. ఒక్కటే. ఇప్పుడే బస్సెక్కా. మా ఆవిడ ఫోన్ చేసి ఎంతైంది అని అడిగితే 35 అని చెప్పా, అది వేరే కాపీ రేటు అని చెప్పలా.