సొంత ఆర్కెస్ట్రా వదిలేసి పరాయి ఆర్కెస్ట్రాలో చేరడం: మెహ్లీ మెహతా చేసింది సరైనదేనా?

ముంబై తెలుగువాడు
ప్రపంచంలో పెద్ద ఆర్కెస్ట్రాలని నడిపిన జుబిన్ మెహతా అందరికీ తెలుసు కానీ, వాళ్ల నాన్న మెహ్లీ మెహతా గురించి మనవాళ్లు మాట్లాడుకోగా నేనెప్పుడూ వినలేదు. 1908లో బొంబాయిలో ఒక పార్సీ ఇంట పుట్టి, వయొలిన్ చాలావరకు సొంతంగానే నేర్చుకుని, 1935లో పాశ్చాత్య సంగీతం వాయించే బాంబే సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టారు. గోవా వాళ్లనీ, పార్సీలనీ, నేవీ బ్యాండు వాళ్లనీ కూడగట్టి నడిపారు. మధ్యలో 1945లో న్యూయార్క్ వెళ్లి వయొలిన్ గురువు ఇవాన్ గలామియన్ దగ్గర నేర్చుకుని, తిరిగొచ్చారు కూడా. అలాంటి మనిషి 1955లో, యాభైకి దగ్గరపడుతున్న వయసులో, అన్నీ వదిలేసి మాంచెస్టర్‌లోని హాలే ఆర్కెస్ట్రాలో చేరారు. ఇక్కడ ఆర్కెస్ట్రా పెట్టిన మనిషి అక్కడ జీతానికి వాయించే అసిస్టెంట్ లీడర్, అంటే మొదటి వయొలినిస్టుకి సహాయకుడు! ఆయన వెళ్లాక ఇక్కడిది నిలవలేదు. నా మటుకు నాకు అది తప్పు నిర్ణయం. ఆయనకీ నష్టమే, ఊరికీ నష్టమే. మీరేమంటారు?

విజయనగరం శ్రోత
మీతో ఏకీభవిస్తున్నాను. మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారినే చూడండి. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఫిడేలు నాయుడు గారంటే చాలు, దక్షిణాదంతా తెలిసేది. 1952లో ప్రపంచ ప్రసిద్ధ వయొలినిస్టు యెహుదీ మెనూహిన్ మన దేశం వచ్చినప్పుడు నాయుడు గారి వాయిద్యం విన్నారు. నాయుడు గారు దేశం దాటి పోనక్కర్లేకపోయింది, వినాలనుకున్నవాళ్లే వెతుక్కుంటూ వచ్చారు. వాయిద్యం మీద పట్టుంటే ఉన్న ఊళ్లోనే గౌరవం దొరుకుతుంది.

రెండో వయొలిన్
నేను ఇరవై ఏళ్లుగా ఇంగ్లండ్‌లో ఆర్కెస్ట్రాల్లో వాయిస్తున్నాను, ఎప్పుడూ రెండో వయొలిన్ల వరసలోనే. అందుకే ‘జీతానికి వాయించే’ అన్న మాట దగ్గర ఆగిపోయాను.

విజయనగరం గారూ, నాయుడు గారంటే నాకూ ప్రాణం, మా తాతయ్య ఇంట్లో ఆయన రికార్డులు వింటూ పెరిగాను. కానీ ఆ పోలిక కుదరదండీ. కచేరీకి ఒక ఫిడేలు, ఒక మృదంగం, ఒక తంబురా ఉంటే నాయుడు గారి సంగీతం మొత్తం అక్కడ ఉన్నట్టే. సింఫనీ అలా కాదు. ఎనభై మంది కావాలి, ఆ ఎనభై మందికీ అదే పనై ఉండాలి, రోజూ రిహార్సల్ ఉండాలి. పగలు వేరే ఉద్యోగం చేసుకుని సాయంత్రం వచ్చి వాయించేవాళ్లతో ఎంత ప్రేమగా నడిపినా ఒక హద్దు దాటదు. మెహ్లీ గారు న్యూయార్క్‌లో ఆ హద్దు అవతల ఏముందో విని వచ్చారు. విన్న చెవి మళ్లీ ఊరుకోదు.

ఇంక కుర్చీ సంగతి. ఒక స్టాండు ముందు ఇద్దరం కూర్చుంటాం. పేజీ చివరికి వస్తుంటే లోపలివైపు కూర్చున్న నేను వాయించడం ఆపి పేజీ తిప్పాలి, పక్కన ఉన్నావిడ వాయిస్తూనే ఉంటుంది, స్వరం తెగకూడదు. బో, అంటే కమాను, పైకా కిందికా అన్నది ముందున్న స్వరాల కాగితం మీద పెన్సిల్‌తో గుర్తు వేసి ఉంటుంది, వరసంతా ఒకేలా కదలాలి. మొదటి రోజుల్లో నా బో ఒక్కటే ఎదురు వెళ్లిందని ఇంటికొచ్చి ఏడ్చాను. హాలేని నడిపిన బార్బిరోలీ ఈ గుర్తులు తన చేత్తో తనే వేసేవాడని పేరు, ఆయనా చెల్లో వాయించి వచ్చినవాడే. అలాంటి మనిషి దగ్గర మొదటి వరసలో కూర్చోవడం మెహ్లీ గారికి చిన్నతనం ఎలా అవుతుంది?

అట్లాంటా అమ్మ
మా పాప ఇక్కడ యూత్ ఆర్కెస్ట్రాలో వాయిస్తోంది, అందుకని అడుగుతున్నా. కొడుకు జుబిన్ పేరున్నవాడయ్యాడు కాబట్టి తండ్రికి అవకాశాలు వచ్చాయంటారు కదా, అది నిజమేనా?

రెండో వయొలిన్
తేదీలు చూడండమ్మా. 1955లో జుబిన్ వియన్నాలో చదువుకుంటున్న పందొమ్మిదేళ్ల కుర్రాడు. ఆయన ఆర్కెస్ట్రాని నడపడానికి లాస్ ఏంజెలస్ ఫిల్‌హార్మోనిక్‌కి వెళ్లింది 1962లో. హాలేలో చోటు, ఆ తర్వాత 1959లో ఫిలడెల్ఫియాలో కర్టిస్ క్వార్టెట్ అనే నలుగురి బృందం, రెండూ తండ్రి తన చేతి మీద సంపాదించుకున్నవే. 1964లో ఆయనా లాస్ ఏంజెలస్ చేరి అమెరికన్ యూత్ సింఫనీ పెట్టారు. మీ పాపలాంటి పిల్లలకి 1998 దాకా, అంటే దాదాపు తొంభై ఏళ్లు వచ్చేదాకా, నిలబడి నేర్పారు.

ముంబై తెలుగువాడు
సరిగ్గా అదే నా బాధ! ఆ ముప్పై నాలుగేళ్లూ ఇక్కడి పిల్లలకి దక్కలేదు. 2006లో ముంబైలో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా మొదలైనప్పుడు దాన్ని నిలబెట్టడానికి కజకిస్థాన్ నుంచి వయొలినిస్టు మరాత్ బిసెన్‌గలియెవ్ రావాల్సి వచ్చింది. ఆయన వెంట అక్కడి వయొలినిస్టులూ వచ్చారు. నేను మొదటిసారి టికెట్ కొనుక్కుని వెళ్లినప్పుడు స్టేజీ మీద మన ముఖాలు వేళ్ల మీద లెక్కపెట్టాను. అక్కడ కూర్చోవలసిన మన పిల్లలకి నేర్పే మనిషి వెళ్లిపోయాడు కదా అనిపించింది.

రెండో వయొలిన్
మీరు లెక్కపెట్టిన ఆ కజక్ వాళ్లు కూడా ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్లే కదండీ. వాళ్ల ఊళ్లో కూడా ఎవరో ఒకరు మీలాగే బాధపడుతుండొచ్చు. ముంబై వాళ్లకి జీతం ఇచ్చింది, హాలు ఇచ్చింది, అందుకే వచ్చారు. 1955లో బొంబాయి మెహ్లీ గారికి ఆ రెండూ ఇచ్చి ఉంటే మీ ప్రశ్న న్యాయమే. ఇవ్వలేదు. తప్పు పట్టాలంటే వెళ్లినవాణ్ని కాదు, ఊరిని పట్టాలి.

విజయనగరం శ్రోత
ఇది ఒప్పుకుంటాను. నాయుడు గారి వెనక మహారాజా వారి కాలేజీ ఉంది, నెల జీతం ఉంది. నేను పైన ఆ మాట చెప్పకుండా పట్టు ఒక్కటే చాలన్నాను, అది సరికాదు.

ముంబై తెలుగువాడు
‘జీతానికి వాయించే’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, అది అనకుండా ఉండాల్సింది. ఊరికి నష్టం అన్నది మాత్రం తీసుకోను. ఇక్కడ మెహ్లీ గారి పేరు మీద 1995 నుంచి ఒక ఫౌండేషన్ పిల్లలకి సంగీతం నేర్పుతోంది. మా పక్కింటి అబ్బాయికి ఎనిమిదేళ్లు, వయొలిన్ కావాలని వాళ్ల నాన్నని పీడిస్తున్నాడు. ఆదివారం నేనే తీసుకెళ్లి కనుక్కుంటానని చెప్పాను. ఆ వయసుకి ఏ సైజు వయొలిన్ కొనాలో రెండో వయొలిన్ గారు చెబితే మేలు.

రెండో వయొలిన్
ఇప్పుడే కొనకండి, అద్దెకి తీసుకోండి. సాధారణంగా ఆ వయసుకి సగం సైజు సరిపోతుంది, కానీ చెయ్యి కొలిచాకే. వయొలిన్ భుజం మీద పెట్టి చెయ్యి చాపితే, తల చివర చుట్టలా చెక్కిన కొస అరచేతిలోకి అందాలి.