అప్‌డేట్: వేరుపడిన బ్రౌజర్ సోర్స్ కోడ్‌కు కొత్త అమరిక

ఆపరేటింగ్ సిస్టమ్‌లో భాగంగా పెరిగిన బ్రౌజర్‌ను సొంత రిపాజిటరీగా (కోడ్, దాని మార్పుల చరిత్ర ఉండే చోటు) విడదీశాక, కోడ్‌ను పాత ‘యూజర్‌ల్యాండ్’ డైరెక్టరీలోనే (ఓఎస్ కేంద్ర భాగమైన కెర్నల్‌కు బయట నడిచే ప్రోగ్రాముల ఫోల్డర్) ఉంచాలా అని అడిగాను. దాన్ని తీసేశాం. కెర్నలే లేని చోట ఆ డైరెక్టరీకి పనేమిటి? లైబ్రరీలు, సర్వీసులు, యుటిలిటీలు ఇప్పుడు నేరుగా పై స్థాయిలో ఉన్నాయి. 2024లో సెరెనిటీ ఓఎస్ నుంచి విడిపోయిన లేడీబర్డ్ బ్రౌజర్ కూడా చివరకు ఇదే పద్ధతికి వచ్చింది.

ఫైళ్లను తరలిస్తే వాటి మార్పుల చరిత్ర పోతుందన్న భయమే చర్చను సాగదీసింది. నిజానికి గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం) ఫైళ్ల పేరు మార్పులను ఎక్కడా నమోదు చేయదు. పాత, కొత్త ఫైళ్ల పోలికను బట్టి గుర్తిస్తుంది. మామూలుగా 50 శాతం పోలిక ఉంటే చాలు. అందుకే తరలింపు కమిట్‌లో (ఒకేసారి నమోదు చేసే మార్పుల కట్ట), బిల్డ్ (కోడ్‌ను ప్రోగ్రాముగా మార్చే పని) ఆగకుండా ఉండటానికి తప్పనిసరైన ఫైల్ పాత్‌లను మాత్రమే మార్చాం. ఫార్మాటింగ్ కూడా ఇప్పుడే సర్దేద్దామన్న ఉత్సాహానికి కళ్లెం వేశాం (కొందరికి మింగుడుపడలేదు). ఏ లైన్‌ను ఎవరు, ఎప్పుడు మార్చారో చూపే బ్లేమ్ చక్కగా పనిచేస్తోంది. కమిట్‌ల జాబితా చూపే లాగ్‌కు మాత్రం ‘ఫాలో’ ఆప్షన్ ఇవ్వాలి, అదీ ఒక్కో ఫైలుకే.

హెడర్లను (ఇతర ఫైళ్లు వాడుకునే డిక్లరేషన్ల ఫైళ్లు) లైబ్రరీ పేరుతోనే ఇన్‌క్లూడ్ చేస్తాం కాబట్టి సీ ప్లస్ ప్లస్ ఫైళ్ల జోలికి దాదాపు వెళ్లలేదు. బిల్డ్‌ను సిద్ధం చేసే సీమేక్‌లో మూల డైరెక్టరీ మార్చితే సరిపోయింది.

ఓఎస్‌తో పంచుకునే లైబ్రరీల సంగతే ఇంకా తేలలేదు. సబ్‌మాడ్యూల్ (ఒక రిపాజిటరీలో మరొకదాన్ని జోడించడం) వద్దన్నది నా పట్టు. ప్రస్తుతానికి ఎవరి కాపీ వారిదే. పనికొచ్చే సవరణలను చెర్రీపిక్‌తో (ఎంచుకున్న కమిట్‌ను మాత్రమే తెచ్చే గిట్ ఆదేశం) తెచ్చుకుంటున్నాం.