బయటి దేశం నుంచి వచ్చే సొంత యాట్ (విహారానికి వాడే పడవ) ముందు కాకినాడకే వెళ్లాలా? నేరుగా అంతర్వేదిలో లంగరు వేస్తే తప్పేంటి?

తాళ్లరేవు తెరచాప:
మా బంధువులబ్బాయి థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో యాట్ల మీద పనిచేస్తాడు. వాళ్ల ఓనరు దంపతులకి గోదావరి సముద్రంలో కలిసే చోటు చూడాలని కోరిక. ఫుకెట్ నుంచి నేరుగా వచ్చి అంతర్వేది దగ్గర రెండు రోజులు ఉండి వెళ్దామనుకున్నారు. కుదరదన్నారు. ముందు కాకినాడో విశాఖో వెళ్లి కస్టమ్స్, ఇమిగ్రేషన్ పూర్తి చేసుకోవాలట. దాంతో పడవ శ్రీలంక వైపు తిప్పేశారు. నాకు చాలా బాధేసింది. నలభై అడుగుల పడవ, ఇద్దరు మనుషులు, అమ్మే సరుకు ఏమీ లేదు. దానికీ కాకినాడలో బియ్యం ఎత్తే ఓడకీ ఒకటే రూలా? కోనసీమకి టూరిస్టులు రావాలంటాం, వచ్చేవాళ్లని ఇలా పంపేస్తాం. అంతర్వేదిలోనో నరసాపురంలోనో ఒక చిన్న ఆఫీసు పెట్టలేరా?

పాత సరంగు:
తమ్ముడూ, మీరు చెప్పిన రూలు కస్టమ్స్ చట్టం, 1962లోని సెక్షన్ 29. బయటి దేశం నుంచి వచ్చే ఏ నౌకైనా మొదట ఆగాల్సింది కస్టమ్స్ పోర్టులోనే. వెళ్లేటప్పుడు సెక్షన్ 42 ఉంది, కస్టమ్స్ అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తేనే బయల్దేరాలి. ఇది మన ఒక్కళ్ల పట్టుదల కాదండి. యాట్ ఏ దేశానికి వెళ్లినా ఇంకా తనిఖీ కాలేదని తెలిపే పసుపు రంగు క్యూ జెండా ఎగరేసి, ఆ దేశం చెప్పిన పోర్టులోనే ఆగాలి. పని పూర్తయ్యేదాకా మామూలుగా కెప్టెన్ తప్ప ఎవరూ దిగకూడదు. అంతకు ముందు ఆగిన పోర్టు ఇచ్చిన క్లియరెన్సు కాగితం, క్రూ లిస్టు, పాస్‌పోర్టులు, పడవ రిజిస్ట్రేషన్ అన్నీ చూపించాలి. ఆస్ట్రేలియా కనీసం 12 గంటల ముందు కబురు పెట్టమంటుంది, న్యూజిలాండ్ 48 గంటల ముందు.

సెక్షన్ 29లోనే వెసులుబాటు కూడా ఉంది. తుఫాను వల్లో, ప్రమాదం వల్లో వేరే చోట ఆగాల్సి వస్తే ఆగొచ్చు. వెంటనే దగ్గర్లోని కస్టమ్స్ అధికారికో పోలీస్ స్టేషనుకో చెప్పాలి. గోదావరి చూడాలనిపించడం ఆ కారణాల్లోకి రాదు. అసలు ఆ మొగల దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, ఇసుక మేటలు ఏటా చోటు మారుతుంటాయి. అడుగున రెండు మీటర్ల కీల్ (నీళ్లలోకి దిగి ఉండే పలక) ఉన్న యాట్‌ని తెలియని మొగలోకి తీసుకురావడం నేనైతే ఒప్పుకోను.

కోనసీమ కుర్రోడు:
తీరానికి 12 నాటికల్ మైళ్ల లోపల కూడా విదేశీ పడవలకి వెళ్లే హక్కు ఉంటుందని చదివాను. మరి అది?

పాత సరంగు:
దాటి వెళ్లే హక్కు బాబూ. దారిలో ఆపద వస్తే తప్ప, లంగరు వేసి ఊరు చూసే హక్కు కాదు.

ఉప్పుటేరు రైతు:
మీరంతా పాస్‌పోర్టులు, కాగితాల గురించే మాట్లాడుతున్నారు. పడవ అడుగు గురించి ఒక్కరూ మాట్లాడరేం? నేను రొయ్యల రైతుని. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చినప్పుడు మా నాన్నగారి చెరువులు ఎలా పోయాయో చూశాను. ఆ దెబ్బ తిన్న కుటుంబాలు మా చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. అందుకే ఈ రోజు విదేశాల నుంచి వెనామీ రకం తల్లి రొయ్య వస్తే నేరుగా హేచరీకి ఇవ్వరు. చెన్నైలో క్వారంటైన్‌లో పెట్టి, పరీక్షలు చేశాకే వదులుతారు. తల్లి రొయ్యకే అంత కట్టడి ఉన్నప్పుడు, నెలల తరబడి వేరే సముద్రాల్లో తిరిగి అడుగున నత్తలూ నాచూ పట్టిన పడవని ఏ తనిఖీ లేకుండా మా ఏటి మొగలోకి రానిస్తామా? అదే ఏటి నీళ్లు మోటార్లతో మా చెరువుల్లోకి తోడుకుంటాం.

న్యూజిలాండ్ 2018 మే నుంచి అడుగు శుభ్రంగా లేని పడవని రానివ్వడం లేదు. కేరళలో అష్టముడి సరస్సు చూడండి. దక్షిణ అమెరికా వైపు ఉండే ఒక ఆల్చిప్ప జాతి అక్కడ చేరి, స్థానిక ఆల్చిప్పల చోటు ఆక్రమించింది. ఏరుకుని బతికేవాళ్ల పొట్ట కొట్టింది. అలాంటిది ఇక్కడికి వస్తే మళ్లీ పంపించే దారి లేదు.

తాళ్లరేవు తెరచాప:
మీ భయం నాకు అర్థమైందండి. కానీ కాకినాడలో కస్టమ్స్ ముద్ర పడినంత మాత్రాన పడవ అడుగు శుభ్రమవుతుందా? వాళ్లు చూసేది సరుకూ, సుంకమూ. మీరడిగేది వేరే తనిఖీ. అది అంతర్వేదిలో పెట్టినా పెట్టొచ్చు.

భైరవపాలెం ఆడపడుచు:
పెట్టొచ్చు అంటున్నారు, ఎవరు కాపలా కాస్తారు? 2008లో ముంబైకి వచ్చినవాళ్లు మన చేపల పడవనే పట్టుకుని సముద్రం మీద నుంచే వచ్చారు. ఆ తర్వాత మా వాళ్లకి బయోమెట్రిక్ కార్డులు, పడవలకి రాష్ట్రానికో రంగు వచ్చాయి. మా నాన్న వేటకి వెళ్తే కార్డు చూపిస్తాడు. 2018 నవంబరులో గుజరాత్ తీరాన వేటకి వెళ్లిన శ్రీకాకుళం వైపు మత్స్యకారులు పాకిస్తాన్‌కి చిక్కారు. వాళ్లలో 20 మంది ఇంటికి వచ్చింది 2020 జనవరిలో. నీళ్ల మీద గీత కనిపించదు, దాటితే ఏడాది పైన జైలు. అలాంటి చోట, కోట్లు పెట్టి కొన్న పడవకి కాకినాడ దాకా వెళ్లడం కష్టమంటే నాకు కోపం వస్తోంది.

కోనసీమ కుర్రోడు:
అక్కా, నా సంగతి వేరు. ఎప్పటికైనా మన తీరం నుంచే బయల్దేరి ప్రపంచం చుట్టాలని ఉంది. తారిణి అనే తెరచాప పడవలో 2017-18లో ఆరుగురు అమ్మాయిలు చుట్టొచ్చారుగా, విశాఖ అమ్మాయి స్వాతి కూడా ఉంది. వాళ్లకీ ఇంత టెన్షన్ ఉండేదా?

పాత సరంగు:
తారిణి నేవీ పడవ. ప్రభుత్వం పంపింది, వెళ్లిన చోటల్లా ప్రభుత్వమే ముందు మాట్లాడింది. నీ సొంత పడవకి నువ్వే మాట్లాడుకోవాలి. చాలా దేశాల్లో పడవని తాత్కాలికంగా తెచ్చినట్టు రాయిస్తావు, సుంకం లేకుండా ఉండనిస్తారు, గడువు దాటితే పన్ను. యూరప్ యూనియన్‌లో మామూలుగా ఆ గడువు 18 నెలలు. తేదీలు రాసుకునే అలవాటు ఇప్పట్నుంచే చేసుకో.

తాళ్లరేవు తెరచాప:
సరే, మొదటి మజిలీ కాకినాడే అనుకుందాం. ఫుకెట్‌లో చలాంగ్ జెట్టీ దగ్గర ఇమిగ్రేషన్, కస్టమ్స్, హార్బర్ మాస్టర్ ముగ్గురూ ఒకే చోట ఉంటారు. కెప్టెనే వెళ్లి తన పని చేయించుకోవచ్చు. కాకినాడలో చిన్న పడవలకి అలాంటి ఒక్క కౌంటరు పెట్టి, అక్కడే అడుగు తనిఖీ కూడా చేసి, తర్వాత అంతర్వేది దాకా తిరిగే అనుమతి ఇవ్వమంటున్నాను. దీనికి ఎవరికి అభ్యంతరం?

భైరవపాలెం ఆడపడుచు:
కౌంటరుకి నాకు అభ్యంతరం లేదు. వలలు వేసే చోట రాత్రిపూట తిరగకూడదని ఆ అనుమతిలోనే రాయాలి.

ఉప్పుటేరు రైతు:
నాకు ఇంకా అభ్యంతరం ఉంది. సముద్రం వైపు తిరగనివ్వండి. మొగ దాటి ఏటిలోకి రావాలంటే మాత్రం పడవని గట్టు మీదికి ఎత్తించి, అడుగు గీకించి, ఆ కాగితం చూపించాలి. నీళ్లలో ఉండగా పైపైన చూసే తనిఖీకి నేను ఒప్పుకోను.