స్కాట్లాండ్ పల్లెలు చూడటానికి రైలు మేలా, కారు మేలా?

వచ్చే మే నెలలో నేను, మా ఆవిడ, పాప, అమ్మ కలిసి స్కాట్లాండ్ హైలాండ్స్ వెళ్తున్నాం. గ్లాస్గోలో దిగి, ఫోర్ట్ విలియం మీదుగా స్కై దీవి దాకా వెళ్లాలని ఆశ. రైల్లో పోవాలా, కారు అద్దెకు తీసుకోవాలా అన్నదే తేలడం లేదు.

నా మనసు రైలు వైపే ఉంది. గ్లాస్గో నుంచి ఆ లైన్లో చివరి స్టేషన్ మల్లేగ్‌కి ఐదు గంటలు దాటుతుంది, దాటనివ్వండి! రానక్ మూర్ బీడు నేలలో ఉన్న కోరూర్ స్టేషన్‌కి పబ్లిక్ రోడ్డే లేదు, రైలెక్కితేనే ఆ చోటు చూడగలం. ఆ తర్వాత గ్లెన్‌ఫినన్‌లో 21 కమానుల వంతెన. మల్లేగ్ నుంచి స్కైలోని ఆర్మడేల్‌కి ఫెర్రీలో ముప్పావు గంట.

చిక్కంతా అక్కణ్ణుంచే. స్కైలో రైలు లేదు, బస్సులు తక్కువ. అమ్మకి మోకాళ్ల నొప్పులు, వానలో బస్టాపు దగ్గర నిలబెట్టలేను. కారైతే ఆ బాధ లేదు. మనలాగే ఎడమవైపు డ్రైవింగ్, మన లైసెన్సు ఏడాది దాకా చెల్లుతుంది. కానీ చాలాచోట్ల ఒక్క బండి పట్టే రోడ్లు. ఎదురుగా ఎవరైనా వస్తే పాసింగ్ ప్లేస్ (బండి పక్కకి తప్పుకునే చోటు) దాకా రివర్స్‌లో వెళ్లాల్సి రావచ్చు. అదే నా టెన్షన్.

మల్లేగ్ దాకా రైల్లో వెళ్లి, స్కైలో మాత్రం కారు తీసుకోవడం కుదురుతుందా? ఆటోమేటిక్ బండి, పాపకి చైల్డ్ సీటు అక్కడ దొరుకుతాయా? పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.