అర్జంటు ఫోనొస్తే ఆ రోజు ప్లాను మార్చాలా, వద్దా? తిరుపతి పెస్ట్ కంట్రోల్ వాళ్ళూ, కస్టమర్లూ చెప్పండి

పంపుమోత

తిరుపతిలో తొమ్మిదేళ్ళుగా పెస్ట్ కంట్రోల్ చేస్తున్నా. రెండు బండ్లు, నలుగురు కుర్రాళ్ళు, నేను. ఇన్నాళ్ళూ ఫోను ఎటు పిలిస్తే అటు పరిగెత్తాం. ఈ జనవరి నుంచి పద్ధతి మార్చా. సోమవారం కొర్లగుంట, జీవకోన. మంగళవారం బస్టాండు, రైల్వే స్టేషను చుట్టుపక్కల లాడ్జీలు. బుధవారం తిరుచానూరు వైపు. గురువారం రేణిగుంట, కరకంబాడి రోడ్డు. శుక్రవారం ఎంఆర్ పల్లి, బైరాగిపట్టెడ. శనివారం చెదల డ్రిల్లింగు (గోడ వెంట కన్నాలు పెట్టి మందు పొయ్యడం) పనులే, ఎక్కడైనా సరే. మధ్యలో ఎవరు అర్జంటన్నా వాళ్ళ ఏరియా రోజు దాకా ఆగమంటున్నా.

మొన్న ఒక పాత కస్టమరు "నీకు రోజుల లెక్క, నాకు రూముల లెక్క" అని ఫోను పెట్టేశాడు. అప్పట్నుంచి మనసులో అదే తిరుగుతోంది. అయినా నా పట్టు నాదే. ఎందుకో చెప్తా.

పోయినేడాది డైరీ ముందేసుకుని కూర్చున్నా. అర్జంటు పని దూర్చిన ప్రతిసారీ ఏదో ఒక పని పక్కకు జరిగింది కదా, అదేంటా అని చూశా. దాదాపు ప్రతిసారీ నల్లుల రెండో విడతే. కారణం తేలికే. మొదటి స్ప్రే అయినవాళ్ళు హాయిగా నిద్రపోతుంటారు, "ఇంకా రాలేదేంటి" అని ఫోను చెయ్యరు. అరవనివాడి పనిని తీసి అరిచినవాడికి పెట్టేశాం. కానీ స్ప్రేకి గుడ్లు చావవు. వారం, పది రోజుల్లో పొదుగుతాయి. పది నుంచి పద్నాలుగు రోజుల మధ్య మళ్ళీ కొడితే ఆ పిల్లలు పెద్దవై గుడ్లు పెట్టేలోపు పోతాయి. నెల దాటాక వెళ్తే మళ్ళీ మొదటికొచ్చినట్టే. అప్పుడు వాళ్ళూ అరుస్తారు, మనం ఫ్రీగా చెయ్యాలి. ఆ ఫ్రీ పని మళ్ళీ అర్జంటే, దానికోసం ఇంకెవరిదో రెండో విడత ఎగిరిపోతుంది.

లీలామహల్ లాడ్జి

అన్నా, ఆ ఫోను పెట్టేసింది నేను కాదు గానీ, నేనైనా పెట్టేసేవాణ్ణే. శనివారం రాత్రి పదకొండుకి ఒక ఫ్యామిలీ కిందకి దిగొచ్చింది. చిన్నపిల్ల చెయ్యంతా వరసగా దద్దుర్లు. రూముకెళ్ళి పరుపు అంచు ఎత్తి చూస్తే కుట్టు పొడుగునా మిరియప్పొడి చల్లినట్టు నల్ల చుక్కలు. డబ్బులు వాపసిచ్చా, వేరే లాడ్జిలో రూము చూసిపెట్టా. అయినా తెల్లారేసరికి ఫోటోతో సహా ఒక్క స్టార్ రివ్యూ. మీరేమో మంగళవారం దాకా ఆగమంటారు. శని, ఆదివారాలు మాకు ఫుల్లు. వేసవి సెలవుల్లో, బ్రహ్మోత్సవాల్లో, వైకుంఠ ఏకాదశికి రూము దొరకడమే గగనం. మీ వారం చార్టులో నల్లులకు కూడా ఆదివారం సెలవుందా?

పంపుమోత

స్వామీ, ఒక్కటి చెప్పండి. ఆ రాత్రి ఆ పరుపు ఏం చేశారు?

లీలామహల్ లాడ్జి

పక్క రూములో నిలబెట్టించా. ఇది శుభ్రం చేద్దామని.

పంపుమోత

అదీ సంగతి. ఒక రూము పని రెండు రూములైంది. తప్పు పట్టడం లేదు, అందరూ చేసేదే. పరుపు, దిండ్లు, కర్టెన్లు ఎక్కడివక్కడే ఉంచి రూముకి తాళం వెయ్యండి. మూడ్రోజులు ఒక్క రూము ఖాళీ ఉంటే నష్టమే, కాదనను. కానీ ఆదివారం నా కుర్రాణ్ణి పంపితే జరిగేదేంటి? లాబీ నిండా జనం, మీవాళ్ళు "పన్నెండుకి పార్టీ వస్తోంది, తొందరగా" అంటారు. మంచం కోళ్ళ సందులు, తలవైపు చెక్క వెనకాల, స్విచ్ బోర్డు లోపల, ఇవన్నీ విప్పి చూసే టైమిస్తారా? పైపైన కొట్టేసి వచ్చేస్తాడు. మంగళవారం మీకే ఖాళీ రూములుంటాయి. చుట్టూ ఉన్న రూములు కూడా చూడొచ్చు.

పుస్తకాల పురుగు

నేను బీఎస్సీ కెమిస్ట్రీ. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో పదిహేను రోజుల ట్రైనింగు చేసి లైసెన్సు తీసుకున్నవాణ్ణి. పంపుమోత అన్న చెప్పేదానికే నా ఓటు. మన ఊళ్ళోనే ఉదాహరణ ఉంది. కొండమీద కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం ఏడాదికి నాలుగుసార్లు. ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వీటికి ముందొచ్చే మంగళవారం. మూలవిరాట్టును వస్త్రంతో కప్పి, గోడలన్నీ కడిగి, పచ్చాకు, కిచిలిగడ్డ, కస్తూరి పసుపు, కర్పూరం కలిపిన పరిమళం పూస్తారు. ఆ కాసేపు దర్శనం ఆపుతారు. అంత రద్దీ ఉన్నచోటే పండగ రాకముందు శుద్ధికి తేదీ పెట్టుకున్నారు. లాడ్జీలవాళ్ళు రద్దీ వచ్చాక పరిగెత్తడం దేనికి?

లీలామహల్ లాడ్జి

బాగుంది స్వామీ పోలిక. ఆయన కోసం జనం కంపార్టుమెంట్లో గంటలు గంటలు కూర్చుంటారు. నా లాడ్జి కోసం పది నిమిషాలు ఆగమనండి, పక్క లాడ్జికి పోతారు.

ఎంఆర్ పల్లి గృహిణి

లాడ్జీల గొడవ మీరు మీరు తేల్చుకోండి. ఇళ్ళ సంగతి నేను చెప్తా. మీరు అర్జంటు పనులకు పరిగెత్తితే మా ఇంట్లో ఏమవుతుందో తెలుసా? పొద్దున తొమ్మిదికి వస్తామన్నారు. వంటింటి అరలన్నీ ఖాళీ చేసి, పప్పు డబ్బాలు, గిన్నెలు వరండాలో పేర్చి, పిల్లలకు ఉప్మా చేసిపెట్టి కూర్చున్నా. పదకొండుకి ఫోను చేస్తే "దార్లో ఉన్నాం మేడమ్". రెండుకి "లాడ్జిలో అర్జంటు పడింది, రేపొస్తాం". అన్నీ మళ్ళీ లోపల పెట్టుకోవాల్సి వచ్చింది. రేపు మళ్ళీ తియ్యాలి. మీకు మారింది ఒక గీత, నాకు రెండు రోజుల వంటిల్లు. అలా వస్తామని రానిది మీరు కాదు, వేరేవాళ్ళు. అందుకని రోజు ముందే చెప్పే పద్ధతి నాకిష్టమే.

కానీ శుక్రవారం ఏంటండీ! మా అత్తగారు శుక్రవారం బొద్దింకను కూడా చంపనివ్వరు. లక్ష్మీదేవి వచ్చే రోజు ఇల్లంతా మందు కంపు కొట్టిస్తే ఊరుకుంటారా?

పంపుమోత

అమ్మా, ఈ ముక్క నాకు జనవరిలో చెప్పాల్సింది. ఎంఆర్ పల్లిలో శుక్రవారం ఎందుకు ఇన్ని క్యాన్సిల్ అవుతున్నాయా అని ఆరు వారాలుగా తల పట్టుకుంటున్నా. తిరుచానూరుతో మార్చేద్దామంటే అక్కడ అమ్మవారి గుడి దగ్గర శుక్రవారం బండి కదలదు. రేణిగుంటతో మారుస్తా.

ఎంఆర్ పల్లి గృహిణి

ఇంకోటి. వంటింట్లో జెల్ చుక్కలు పెట్టి వెళ్ళారు. రెండ్రోజులకి ఒక బొద్దింక కనిపిస్తే స్ప్రే డబ్బాతో కొట్టా. వచ్చినబ్బాయి చూసి "మొత్తం చెడగొట్టారు" అన్నాడు. ముందు చెప్పొచ్చుగా?

పుస్తకాల పురుగు

చెప్పాలి మేడమ్, వాళ్ళదే తప్పు. జెల్‌ను బొద్దింక వచ్చి తినాలి. చుట్టూ స్ప్రే కొడితే ఆ వాసనకి అటువైపే రాదు. చిన్న గోధుమరంగు బొద్దింకలైతే ఒక్కో గుడ్ల సంచిలో ముప్పై నలభై దాకా పిల్లలు. అందుకే జెల్‌కీ ఒకసారి వచ్చి చూసే తేదీ ఉండాలి. ఇదీ రెండో విడతలాంటిదే, దీన్నే అందరూ ఎగ్గొడతారు.

డ్రిల్లు మిషన్

మీరంతా తేదీలు పంచుకుంటున్నారు, పంపు మోసేవాణ్ణి ఎవరూ అడగలా. నేను ఓనర్ని కాదు, పని చేసేవాణ్ణి. చెదల పని చెప్తా వినండి. గోడా నేలా కలిసేచోట అడుగుకొక కన్నం, పన్నెండు మిల్లీమీటర్ల బిట్టు. మామూలు ఇంట్లో లోపలి గోడలు కొలిస్తే అరవై మీటర్లు సులువుగా వస్తాయి. అంటే రెండొందల కన్నాలు. తొలవాలి, మందు పొయ్యాలి, ఇంకేదాకా ఆగాలి, తెల్ల సిమెంటు పెట్టాలి, దుమ్ము ఎత్తాలి. మధ్యలో ఓనరు ఫోను, "రెండింటికి చంద్రగిరిలో అర్జంటు, తెముల్చు" అని. అప్పుడేమవుతుంది? అడుగుకొకటి కాస్తా రెండడుగులకొకటి అవుతుంది. పైన సిమెంటు పెట్టాక ఎవరికి తెలుస్తుంది? చెదలకి తెలుస్తుంది.

అందుకని రోజు ఖాయంగా ఉండటం మంచిదే. అయితే పంపుమోత అన్నా, నీ చార్టులో రోజుకెన్ని ఇళ్ళు రాశావో అది చెప్పలేదు. మే నెలలో మధ్యాహ్నం నలభై దాటిన ఎండలో మాస్కు, గ్లౌజులు వేసుకుని ఆరో ఇల్లు కొట్టమంటే మాస్కు గడ్డం కిందికి దిగుతుంది. నేనూ దించా, అబద్ధమెందుకు. ఆ సాయంత్రం తలనొప్పి, వాంతులు.

పంపుమోత

ఆరే రాశా. తప్పే. నాలుగు చేస్తా, వేసవిలో పన్నెండు నుంచి మూడున్నర దాకా ఎవర్నీ పంపను.

తోతాపురి చిత్తూరు

మాది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. జూన్, జూలై రాత్రింబవళ్ళు కాయ దిగుతుంది, ఈగలకు పండగ. మాకు కాంట్రాక్టులో తేదీలుంటాయి, ఎలుకల పెట్టెలకు నంబర్లు, గోడమీద మ్యాపు, ప్రతి విజిట్‌కీ రిజిస్టరులో సంతకం. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) తనిఖీలో ఇవన్నీ అడుగుతారు. రెండు సీజన్ల కింద మా పనివాళ్ళు (పేరెందుకులెండి) ఒక వారం రాలేదు, ఎక్కడో అర్జంటట. తర్వాతి వారం వచ్చి రెండు వారాల సంతకాలూ ఒకేసారి పెట్టారు. ఒకే పెన్ను, ఒకే ఒరవడి. తనిఖీకొచ్చినాయన వేలుపెట్టి చూపించాడు. ఆ రోజు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అర్జంటని పరిగెత్తేవాడు ఎవర్ని వదిలేసి వస్తున్నాడో కూడా కస్టమరు అడగాలి.

కొత్తబండి

ఇంత చర్చెందుకన్నా, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళని పెట్టుకుని అర్జంట్లకే ఒక బండి తిప్పు.

పంపుమోత

పెట్టుకోవచ్చు తమ్ముడూ. పని నేర్పేవరకు వాళ్ళ పక్కన నిలబడేది ఎవరు? 1968 పురుగుమందుల చట్టం కింద లైసెన్సు ఉన్నది నాకు, ఏం జరిగినా జవాబు చెప్పేది నేను. మొన్న ఒక కొత్తబ్బాయి లీటరుకి ఇన్ని మిల్లీలీటర్లని సీసామీద రాసుంటే, మూత లెక్కన పోశాడు. పైగా అర్జంటుకని బండి పెడితే ఆ బండి నిండేదాకా అన్నీ అర్జంట్లే అవుతాయి.

పుస్తకాల పురుగు

అన్నా, నీ వైపే ఉన్నా గానీ ఒక చిక్కుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నీ శనివారం డ్రిల్లింగు ఏం చేస్తావు? మనకి అసలు వాన అప్పుడే కదా. 2021 నవంబరులో ఊరు ఊరంతా నీళ్ళలో ఉంది. నేల తడిగా ఉన్నప్పుడు ఇంటి చుట్టూ మందు పోస్తే అది మట్టిలోకి ఇంకదు, నీళ్ళతో పోతుంది. చెదల పనికున్న భారత ప్రమాణం ఐఎస్ 6313లోనే ఉంది, వానలో, తడి నేలలో చెయ్యొద్దని. ఒక్క చార్టు ఏడాదంతా నడవదు. తొలకరికి ఉసిళ్ళు లేచినప్పుడు ఫోన్లు ఎట్లా వస్తాయో నీకు తెలుసు. రెక్కలు రాలినచోట చీపురుతో ఊడ్చుకోండి, పని పది రోజుల తర్వాత చేస్తానని చెప్పే ధైర్యం ఉండాలి.

పంపుమోత

ఉసిళ్ళ ఫోన్లకి అదే చెప్తున్నా. రెక్కలు ఒక కవర్లో వేసి ఉంచమంటా, అవి చెదలవో చీమలవో చూడొచ్చని. వానాకాలం మాట ఒప్పుకుంటా, అప్పుడు శనివారం ఇంటి లోపలి పనులే పెట్టుకోవాలి, బయట వద్దు.

లాడ్జి స్వామీ, మీ గురించి కూడా ఆలోచించా. నా మాట మార్చను, ఆదివారం రాను. కానీ లాడ్జీలకి మంగళవారం ఒక్కటే చాలదన్నది నిజం. గురువారం పొద్దున ఏడు నుంచి తొమ్మిది ఖాళీగా ఉంచుతా, ఎంఆర్ పల్లి వెళ్ళేముందు. ఆ రెండు గంటలూ ఎవరి రెండో విడతా కాదు, కాబట్టి ఎవరిదీ ఎగరదు. ఎవరూ పిలవకపోతే కుర్రాళ్ళు టిఫిను తింటారు.

లీలామహల్ లాడ్జి

శనివారం నల్లి కుడితే మంగళవారం, సోమవారం కుడితే మర్నాడే, బుధవారం కుడితే గురువారం. శుక్రవారం కుడితే మాత్రం నా ఖర్మ. ఇప్పటికీ నాకు ఒప్పుదల కాలేదు. సర్లే, 204, 205 తాళం వేసే ఉంచా, పరుపు ఈసారి కదపలేదు. మంగళవారం పదిలోపు రండి. బండి వెనక సందులో ఆపండి అన్నా, ఆ బొద్దింక బొమ్మ ఉన్న డబ్బా మాత్రం లాబీలోంచి తేవొద్దు.

పంపుమోత

గోనెసంచిలో చుట్టి తెస్తా. రెండో విడతకి, రెండు వారాల తర్వాతి మంగళవారం కూడా మీ రిజిస్టరులో ఇప్పుడే రాసిపెట్టుకోండి.